అత్త ఎడమ చెంప

మొన్న ఆదివారం పొద్దున్న పెసరట్టు తింటుంటే ఫోను టింగుమంది. మా బంధువులందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపుంది. అందులో గులాబీపువ్వులూ శుభోదయాలూ తప్ప ఇంకేమీ రావు కాబట్టి నేను సాధారణంగా దాని జోలికి పోను. ఆ రోజు మాత్రం మా బావ ఏదో వీడియో పంపించాడు. బావంటే మా మేనత్త కొడుకు. కోటవురట్ల దగ్గర పల్లెలో చెరకూ వరీ వేసుకుని బతికే మనిషి, ఊరికే ఏదీ పంపించే రకం కాదు. ఏమిటో అని నొక్కాను. మా అత్త కనపడింది. పోయి ఇరవయ్యేళ్ళు కావస్తున్న మా అత్త ఎర్రంచు పట్టుచీరలో, మెడ నిండా నగలతో, ముందు రెండుసార్లు కళ్ళు ఆర్పింది. తరవాత తల కొంచెం పక్కకి వాల్చింది. ఆ తరవాత తెల్లటి పలువరస బయటపెట్టి నవ్వింది. ఫొటో ఒకటి ఇస్తే చాలు, పోయినవాళ్ళని కూడా ఇలా నవ్వించే యాప్‌లు వచ్చాయట. ఇంటర్ చదువుతున్న బావ మనవరాలు చేసిందట. కింద అప్పటికే అరడజను మంది దండాలు పెట్టేశారు, ఇంకో అరడజను మంది కన్నీళ్ళ బొమ్మలు కుమ్మరించారు. అన్నిటి కిందా ఉన్న వాయిస్ మెసేజీ నొక్కితే బావ గొంతు వినపడింది. "సూసేవేటి బావా, అమ్మ నవ్వుతంది. అచ్చం అమ్మలాగే ఉంది కాదేటి?"

పెసరట్టు పళ్ళెం పక్కకి జరిపేశాను. నాకు ఏడుపు రాలేదు సరికదా, ఒళ్ళంతా కంపరం పుట్టింది. ఆ పళ్ళు మా అత్తవి కావు. ఆ రంగు మా అత్తది కాదు. ఆ మెడ ఎవరిదో ఆ దేవుడికే తెలియాలి. ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, ఆ ముఖాన్ని తయారుచేసింది నేనే.

రెండువేల ఆరు ప్రాంతంలో నేను పరవాడలో ఒక మందుల కంపెనీ స్టోర్సులో పనిచేసేవాణ్ణి. పొద్దున్నే అనకాపల్లిలో కంపెనీ బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి దిగేవాణ్ణి. ఒంటికి పట్టిన మందుల కంపు రెండుసార్లు సబ్బు రుద్దుకున్నా పోయేది కాదు. అక్కడా అంతకుముందు కంపెనీల్లోనూ కలిపి ఆ కంపు మధ్య పదహారేళ్ళు గడిపాక నాలో ఏదో కళ దాగి ఉందని, దాన్ని బయటికి తియ్యకపోతే లోకానికి నష్టమని అనిపించింది. నలభైల్లో మగవాడికి పట్టే పిచ్చిల్లో ఇది కొంచెం ఖరీదైనది. విశాఖపట్నం వెళ్ళి విడిభాగాలు కొని కంప్యూటరు కట్టించుకున్నాను. వచ్చేటప్పుడు బస్సులో మానిటరు పెట్టెని సీటు మీద కూర్చోబెట్టి, నేను నిలబడి వచ్చాను. ఇంట్లో దాన్ని హాల్లో కుట్టుమిషను పక్కన పెట్టాం. మా ఆవిడ తన పాత చీర చింపి దానికి మూడు తొడుగులు కుట్టి, అంచులకి లేసు కూడా వేసింది. ఆదివారం పొద్దున్న నేను స్నానం చేసి వచ్చి ఆ తొడుగులు ఒక్కొక్కటే తీస్తుంటే, కల్యాణానికి తెర తీస్తున్నట్టుందని మా ఆవిడ మూతి తిప్పేది.

ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేరు సీడీ నాకు మెయిన్ రోడ్డులో స్టూడియో నడిపే మిత్రుడు ఇచ్చాడు. హైస్కూల్లో ఇద్దరం ఒకే బెంచీ. వాడు అరగంట కూర్చోబెట్టి లేయర్లంటే ఏమిటో చెప్పాడు. ఒకదాని మీద ఒకటి పేర్చిన గాజు పలకల్లాంటివట, ఏ పలక మీద గీసింది ఆ పలక మీదే ఉంటుందట. నాకు అర్థమైందని తలూపాను. ఇంటికొచ్చాక ఆ ఊపిన తల తప్ప ఏమీ మిగల్లేదు. ఇటికంత లావున్న ఇంగ్లీషు పుస్తకం కొని, పక్కన నిఘంటువు పెట్టుకుని నేర్చుకోవడం మొదలుపెట్టాను. మొదటి నెలలోనే ఒకరోజు తెర మీద ఉండే పనిముట్ల పలకలన్నీ ఉన్నట్టుండి మాయమైపోయాయి. సాఫ్ట్‌వేరు చెడిపోయిందనుకుని మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించాను. అలా మూడు ఆదివారాలు మూడుసార్లు ఎక్కించాక, నా మణికట్టు తగిలి టాబ్ అనే మీట నొక్కుకుంటోందని, అది నొక్కితే పలకలు దాక్కుంటాయని, మళ్ళీ నొక్కితే వస్తాయని తెలిసింది. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. తరవాత కత్తిరింపు నేర్చుకున్నాను. మౌసు పట్టుకుని మనిషి చుట్టూ గీత గీసుకుంటూ వెళితే ఆ మనిషి ఫొటోలోంచి ఊడి వస్తాడు. మా ఆవిడని అలా ఊడదీసేసరికి ఆవిడ ముక్కు చివర కాస్త అవతలే ఉండిపోయింది.

ఆ మిత్రుడే ఇంకో సీడీ కూడా ఇచ్చాడు. దాన్నిండా తలల్లేని మొండేలు. పట్టుచీర కట్టిన మొండేలు, కోటూ టై వేసిన మొండేలు, చంటిపిల్లలకి పోలీసు దుస్తుల మొండేలు, కృష్ణుడి వేషం మొండేలు. మెడ దగ్గర తెగ్గోసినట్టు ఆగిపోయి, తల కోసం వరసలో నిలబడి ఉండేవి. స్టూడియోలన్నీ వాటి మీదే బతికేవి. పొలంలో చొక్కా కూడా వేసుకోని మనిషికి పోగానే కోటు తొడిగేవారు. వెనక ఒక జలపాతం, మూలల్లో గులాబీలు, ముఖానికి సున్నం కొట్టినంత తెలుపు. అనకాపల్లి చుట్టుపక్కల ఏ ఇంటి గోడ చూసినా అదే కోటు, అదే జలపాతం. ఇంత రోతని అంతమంది ఇంత ఇష్టంగా గోడకి కొట్టుకోవడం నేను మరెక్కడా చూడలేదు. ఇది ఇప్పటి మాట. అప్పుడు మాత్రం ఆ సీడీ ఇచ్చినందుకు నా మిత్రుడికి బెల్లం మిఠాయి పొట్లం ఇచ్చి వచ్చాను.

ఇక మా అత్త గురించి చెప్పాలి. మా నాన్నకి అక్క. నల్లటి మనిషి, చువ్వలాంటి మనిషి, కూర్చుని మాట్లాడగా నేను చూసింది తక్కువ. అడ్డపొగ తాగేది. అంటే చుట్ట నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని తాగడం. మా వైపు ఆ వయసు ఆడవాళ్ళకి అది తమలపాకంత మామూలు. నోట్లో నిప్పు పెట్టుకునే మనిషి కాబట్టి నిదానంగా, పెదాలు ఎక్కువ కదపకుండా మాట్లాడేది. నవ్వినా పెదాలు మూసే నవ్వేది. ఎడమ కణత దగ్గర మొదలై చెంప మీదుగా చెవి తమ్మె కింద దాకా ఆవిడకి ఒక కాలిన మచ్చ ఉండేది. మామిడి తాండ్ర ముక్క అతికించినట్టు ముదురు రంగులో నున్నగా మెరిసేది.

ఆ మచ్చ నావల్ల వచ్చింది. నాకు ఆరేళ్ళప్పుడు వాళ్ళ తోటలో బెల్లం వండుతున్నారు. నేలలో తవ్విన పొయ్యి మీద బండిచక్రమంత పెనంలో పాకం ఉడుకుతుంటే ఆ వాసనకి పిల్లలం పొయ్యి చుట్టూనే తిరిగేవాళ్ళం. అత్త ఆకులో వేడి బెల్లం పెడతానని పిలిచింది. నేను పెనం అంచున పరిగెత్తుకుంటూ వచ్చి చెరకు పిప్పి మీద కాలు జారాను. ఆవిడ నా జబ్బ పట్టుకుని అవతలికి లాగింది. ఆ లాగుడులో చేతిలో ఉన్న పెద్ద గరిటె తిరగబడి పాకం ఆవిడ చెంప మీద పడింది. నాకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. అందరూ ఆవిడ చుట్టూ చేరితే, ఆవిడ నా మోచెయ్యికి పసుపు పెట్టమని గోల చేసిందట. తరవాత ఎప్పుడైనా ఎవరైనా ఆ మచ్చ సంగతి ఎత్తితే నన్ను చూపించి, "ఈడికి ఏడి బెల్లం పెడదారని పిలిసేను. ఈడికి బదులు గరిటె నాకే పెట్టీసింది" అని మూసిన పెదాలతో నవ్వేది. అంతకు మించి ఒక్క మాట అనగా నేను వినలేదు.

ఆవిడ పోయిన ఎనిమిదో రోజున బావ మా ఇంటికి వచ్చాడు. సంచీలోంచి అద్దం పగిలిన పటం ఒకటి తీశాడు. అది వాడి పెళ్ళి ఫొటో. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ మధ్యలో, చుట్టాలు రెండు పక్కలా. కుడి చివర అత్త, ఎడమ చెంప సరిగ్గా కెమెరావైపు పెట్టి, చుట్ట ఉన్న చెయ్యి పైట వెనక దాచుకుని నిలబడి ఉంది. ఆవిడ జీవితం మొత్తానికి ముఖం కనపడే ఫొటో అదొక్కటే. "అమ్మకి ఇడిగా ఒక్క ఫొటో లేదు బావా. పదకొండో రోజుకి దండెయ్యాల. నువ్వు కంప్యూటర్లో నేర్సుకుంతన్నావు గదా, ఇందులోంచి అమ్మని తీసి సెయ్యి. నాలుగు నగలెట్టు. ఆ మచ్చ తీసెయ్యి. బతికినన్నాల్లూ ఊరోలందరూ దాన్నే సూసేరు. ఇప్పుడైనా సక్కగ కనబడనీ" అన్నాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొడుకుగా వాడు అడిగింది తప్పని నేను ఇప్పటికీ అనలేను. నా రోత అంతా నా మీదే. ఎందుకంటే వాడు వెళ్ళగానే నాకు దుఃఖం బదులు ఉత్సాహం వచ్చింది. అన్నాళ్ళు నేర్చుకున్న విద్యకి మొదటిసారి ఒక నిజమైన పని దొరికింది.

మా మిత్రుడు ఆ ఫొటోని స్కాన్ చేసి, మళ్ళీ మళ్ళీ రాసుకునే రకం సీడీలో వేసి ఇచ్చాడు. అసలు పటం బావకి తిరిగి పంపేశాను. కంపెనీకి సెలవు పెట్టి కూర్చున్నాను. మొండేల సీడీలోంచి ఎర్రంచు పట్టుచీర ఎంచి, అత్త తల కత్తిరించి దాని మీద పెట్టాను. తల నలుపు, మెడ తెలుపు. మెడని నల్లబరచడం ఎలాగో పుస్తకంలో దొరకలేదు, తెల్లబరచడం మాత్రం దొరికింది. కాబట్టి ముఖాన్నే తెల్లబరిచాను. తరవాత మచ్చ. దానికి స్టాంపులాంటి పనిముట్టు ఒకటుంటుంది. ఒకచోట చర్మం మీద నొక్కి, ఇంకోచోట అద్దితే అక్కడి చర్మం ఇక్కడికి వస్తుంది. అత్త రెండో చెంప నీడలో ఉంది, ముడతలు కూడా ఉన్నాయి. అదే ఫొటోలో పెళ్ళికూతురి బుగ్గ నున్నగా కనపడింది. ఆ కోడలి బుగ్గ చర్మం కొంచెం కొంచెం తెచ్చి అత్తగారి చెంప మీద అద్దుకుంటూ పోయాను. పొద్దున్న పదింటికి మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళకి మచ్చ పోయింది. నన్ను లాగిన చెయ్యి ఎలాగూ ఆవిడ అసలు ఒంటితో పాటే పోయింది. ఆ పని చేస్తున్నంతసేపూ నా చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. పైగా పుస్తకంలో చెప్పినదాని కన్నా బాగా కుదిరిందని మా ఆవిడని పిలిచి చూపించాను. మా ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి చూసి, "బాగానే ఉందండీ. ఎవరీవిడ?" అంది. వెక్కిరిస్తోందనుకుని కసురుకున్నాను.

అంతా అయ్యాక లేయర్లన్నీ కలిపేసి సేవ్ నొక్కాను. వేరే పేరుతో దాచుకోవాలని పుస్తకంలో ఉందట, నేను ఆ పేజీ దాకా రాలేదు. కంప్యూటర్లో ఉన్న ఫైలు మీదే కొత్త ముఖం ఎక్కి కూర్చుంది. స్టూడియోకి పట్టుకెళ్ళడానికి వేరే సీడీ లేక, స్కాన్ తెచ్చిన సీడీనే చెరిపి దాని మీద రాశాను.

పదకొండో రోజున పటం కట్టించి పట్టుకెళ్ళాను. వాకిట్లో కుర్చీ మీద పెట్టి బొట్టు పెట్టి దండ వేశారు. వచ్చినవాళ్ళందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆడవాళ్ళు నగలు లెక్కపెట్టారు. ఏ స్టూడియోలో తీశారని అడిగినవాళ్ళకి బావ నన్ను చూపిస్తుంటే నేను ఏమీ ఎరగనట్టు ఆకాశం వైపు చూశాను. ఆ నిలబడ్డ తీరు గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. చివరికి మా మామని, అంటే అత్త భర్తని, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. కళ్ళు సరిగా ఆనవు. ముఖం పటానికి దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు. తరవాత బొటనవేలితో అద్దం మీద ఎడమ చెంప దగ్గర మెల్లగా రాశాడు. ఇంకోసారి రాశాడు. "మచ్చేదిరా?" అని అడిగాడు.

బావే సముదాయించాడు. "సొర్గానికెల్లిన మనిసికి మచ్చలేటి నాన్నా." మామ తలూపి, "మరి నాకు ఆనమాలెలగరా" అని నెమ్మదిగా వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. ఆ మాట బావకి వినపడిందో లేదో నాకు తెలియదు. నాకు వినపడింది. భోజనానికి కూర్చుంటే విస్తరిలో బూరె వేశారు, దాన్లోని బెల్లం వాసనకి తినలేక లేచిపోయాను.

ఆ సాయంత్రమే ఇంటికొచ్చి తొడుగులు తీసి కంప్యూటరు ముందు కూర్చున్నాను. పాత ముఖం వెనక్కి తెద్దామని చూస్తే ఎక్కడా లేదు. అప్పుడు తెలిసింది నేను ఏం చేశానో. మర్నాడు స్టూడియోకి పరిగెత్తితే, స్కాన్లు వారానికోసారి తీసేస్తామని, అది కూడా పోయిందని మా మిత్రుడు చల్లగా చెప్పాడు. అయినా ధైర్యం చెప్పుకున్నాను. కాగితం ఫొటో ఉంది కదా, మళ్ళీ స్కాన్ చేసుకుని, మచ్చతో సహా, చుట్ట దాచుకున్న చేత్తో సహా మామకి ఇంకో పటం కట్టించి ఇద్దామనుకున్నాను. ఆదివారం పల్లెకి వెళ్ళాను. బావ పశువులకి గడ్డి వేస్తున్నాడు. ఫొటో అడిగితే ఆశ్చర్యపోయాడు. "అదెందుకు బావా? పదకొండో రోజునే అమ్మ బట్టలూ సుట్టల డబ్బాతో కలిపి శారదా నదిలో ఒగ్గీసేం. పోయినోలు బతికున్నోల పక్కన ఒక్క పటంలో ఉండకూడదంతారు గదా. నువ్వు అంత మంచిది సేసి ఇచ్చేవు, ఇంక ఆ పగిలిపోయిన దాంతో పనేటి?" అన్నాడు. వియ్యాలవారి దగ్గర ఆ పెళ్ళివే ఇంకో రెండు ఫొటోలున్నాయంటే అక్కడికీ వెళ్ళాను. ఒకదాంట్లో అత్త సిగ ఉంది, ఇంకోదాంట్లో మోచెయ్యి ఉంది. ముఖం ఎక్కడా లేదు.

మామకి నేను ఏమీ చెప్పలేకపోయాను. ఆయన ఆ తరవాత రెండేళ్ళు బతికాడు. ఆ పటం ఉన్న గదిలో కాకుండా పశువుల సాల పక్క పంచలోనే పడుకునేవాడు. గదిలో ఉక్క అనేవాడు. ఉక్క కాదని నాకు తెలుసు, కానీ తెలిసినట్టు కనపడే ధైర్యం లేకపోయింది. నేను మాత్రం కంప్యూటరు తొడుగులు మళ్ళీ తియ్యలేదు. కొన్నాళ్ళకి మా ఆవిడ వాటిని మిక్సీకి వేసుకుంది.

ఇన్నేళ్ళ తరవాత మొన్న ఆ ముఖం మళ్ళీ వచ్చి నన్ను చూసి నవ్వింది. నేను అతికించిన ముఖానికి ఇంకెవరో పళ్ళు అతికించారు. నా అబద్ధానికి పిల్లలు పుట్టినట్టుంది. చెయ్యి కడుక్కుని బావకి ఫోన్ చేశాను. మనవరాలు ఎత్తింది. పిల్ల మంచిది, గొంతు నిండా సంతోషం. "తాతా, వీడియో చూసారా? ఒక్కటే చిన్న లోటు. ఎడమ చెవి కింద ఏదో మరక ఉంది. పాత ఫొటో గదా, అక్కడ పాడైనట్టుంది. ఒక్క నొక్కు నొక్కితే పోద్ది. తీసేసి మళ్ళీ పెట్టనా?" అంది.

ఫోను చెవి దగ్గర్నుంచి తీసి ఆ వీడియో పెద్దది చేసి చూశాను. కళ్ళు ఆర్పుతోంది, పళ్ళు మెరుస్తున్నాయి, బుగ్గలు కదులుతున్నాయి. చెవి తమ్మె కింద గోరంత మేర మాత్రం ఏమీ కదలడం లేదు. అక్కడ తాండ్ర రంగులో నున్నటి చర్మం ఉంది. చెవి వంపులోకి స్టాంపు పోనివ్వడం అప్పట్లో నాకు చేతకాలేదు. చేతకాలేదని కూడా నేను గమనించలేదు.

"అది మరక కాదమ్మా. దాన్ని ముట్టుకోకు. మీ తాతకివ్వు" అన్నాను. బావ వచ్చాడు. ఇరవయ్యేళ్ళుగా చెప్పనిదంతా వాడికి చెప్పాను. సీడీ చెరిపింది, కోడలి బుగ్గ అద్దింది, మామ అద్దం మీద వేలితో రాసింది, అన్నీ. వాడి ఇంట్లో కుక్కరు కూత వేసి ఆగింది. "అవును బావా, అమ్మకి మచ్చుండేది" అన్నాడు బావ. ఆ తరవాత అడిగాడు. "ఏ సెంపకి బావా?"

ఎడమ చెంపకి అని చెప్పాను. ముఖాలు చెరపడంలో కాలం నాకన్నా చాలా నేర్పరి, అది కన్నకొడుకు కళ్ళలోంచి కూడా మచ్చ మిగలకుండా తీసేసింది. మా అత్త చెవి కింద ఆ గోరంత మిగిలింది మాత్రం, అక్కడ పనిచేసింది కాలం కాకుండా చేతకాని నేను కాబట్టే.